వరంగల్ నుంచి సైకియాట్రిక్ నర్సింగ్: ఎమ్మెస్సీనా, ఏడాది డిప్లొమానా?

అడిగిన సంగతి ఇది: బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో ఏడాదిన్నరగా డ్యూటీ. సైకియాట్రీ వైపు మారాలని ఉంది. ఎమ్మెస్సీ చేయాలా, డిప్లొమా సరిపోతుందా, తర్వాత ఉద్యోగం ఎక్కడ? సైకాలజీలో ఎమ్మే చేసిన చెల్లెలు కూడా ఇదే దారిలో రావచ్చా?

ముందు చెల్లెలి సంగతి చెప్తాను, అది తొందరగా తేలిపోతుంది. రాలేరు. బ్రిటన్‌లో వేరే డిగ్రీ ఉన్నవాళ్లు రెండేళ్ల పీజీ కోర్సు చేసి నేరుగా మెంటల్ హెల్త్ నర్సుగా రిజిస్టర్ కావచ్చు. ఆ వీడియోలు చూసి ఇక్కడా అట్లాగే అనుకునేవాళ్లు చాలామంది. మన దగ్గర ముందు జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ కావాలి, స్పెషాలిటీ ఆ తర్వాతే. సైకాలజీ ఎమ్మే ఉన్నవాళ్లు క్లినికల్ సైకాలజీ వైపు పోవాలి. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సే చేయాలి, వేరే సర్టిఫికెట్లకు డబ్బు పోయొద్దు.

ఇక మీ సంగతి. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి పోస్ట్ బేసిక్ డిప్లొమా, పాతవాళ్లు డీపీఎన్ అని పిలిచేది. ఏడాది కోర్సు, జీఎన్ఎం వాళ్లకూ బీఎస్సీ వాళ్లకూ ఇస్తారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దీన్ని ఇప్పుడు రెసిడెన్సీ పద్ధతికి మార్చింది. క్లాసు పదో వంతే, మిగతాదంతా వార్డూ స్కిల్ ల్యాబూ. రెండోది ఎమ్మెస్సీ, రెండేళ్లు. బీఎస్సీలో మొత్తం మీద 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంటుంది. బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది పని అనుభవం కావాలి, అది మీకు ఉంది. మన రాష్ట్రంలో అడ్మిషన్ల నోటిఫికేషన్ వచ్చేది కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి, అంటే మీ ఊరి నుంచే. ఎంట్రన్స్‌కు సైకియాట్రీ ఒక్కటే చదివి పోతే దెబ్బతింటారు, బీఎస్సీ సబ్జెక్టులన్నీ తిరగేయాలి. బయటికి పోగలిగితే బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ, తేజ్‌పూర్‌లోని కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థ, చండీగఢ్ పీజీఐ, ఢిల్లీ ఎయిమ్స్ ఉన్నాయి. ఒక్కోదానికి ఎంపిక పద్ధతి వేరు. అన్నిచోట్లా రెండు కోర్సులూ ఉండవు, ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూసుకోవాలి.

ఏది మంచిదంటే, రోగి దగ్గరే పనిచేయాలనుకునేవాళ్లకు మంచి చోట చేసిన ఏడాది డిప్లొమా చాలు. నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పాలన్నా, రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలన్నా ఎమ్మెస్సీ తప్పదు. ఎమ్మెస్సీతోపాటు మొత్తం మూడేళ్ల బోధన అనుభవం ఉంటేనే ఆ పోస్టుకు అర్హత. అయితే ఈ రెండింటి మధ్య తేడా కంటే ఒక ఎమ్మెస్సీకీ ఇంకో ఎమ్మెస్సీకీ మధ్య తేడా పెద్దది. అది తెలియకే చాలామంది మునుగుతున్నారు.

లెక్క చూడండి. సిలబస్ ప్రకారం మొదటి ఏడాది స్పెషాలిటీకి 150 గంటల థియరీ, 650 గంటల ప్రాక్టికల్. రెండో ఏడాది 150, 950. అంటే సైకియాట్రీ ప్రాక్టికల్ ఒక్కటే 1600 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 200 డ్యూటీలు. సీటు తీసుకునే ముందు కాలేజీని అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే: ఆ 200 డ్యూటీలు ఏ ఆస్పత్రిలో, ఏ వార్డులో? కొన్ని కాలేజీలు పెద్ద మానసిక ఆస్పత్రికి నాలుగు వారాలు పంపి, మిగతా గంటలను చార్టులు రాయించడంతో, ఊళ్లలో ర్యాలీలతో నింపేస్తాయి. ప్రిన్సిపాల్‌ను అడిగితే నిజం బయటికి రాదు. రెండో ఏడాది చదివే అమ్మాయిని బయట టీ దగ్గర పట్టుకుని లాగ్‌బుక్ చూపించమనండి. అక్యూట్ వార్డు, ఓపీ, ఎమర్జెన్సీ, డీఅడిక్షన్, పిల్లల విభాగం, కమ్యూనిటీ – ఇవన్నీ తేదీలతో సహా కనబడాలి. ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో మూడు నెలలు నిండి ఉంటే అర్థం చేసుకోండి. ఆ కాలేజీకి సైకియాట్రిక్ స్పెషాలిటీలోనే అనుమతి ఉందా, ఎన్ని సీట్లు అన్నది కూడా చూడాలి. అనుమతి స్పెషాలిటీ వారీగా ఇస్తారు, కాలేజీకి ఎమ్మెస్సీ ఉందంటే ఐదు స్పెషాలిటీలూ ఉన్నట్టు కాదు.

ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి లాంటి చోట దీర్ఘకాల రోగుల సంరక్షణ, మందుల నిర్వహణ, పునరావాసం బాగా పట్టుబడతాయి. ఎంజీఎం లాంటి జనరల్ ఆస్పత్రిలోని సైకియాట్రీ విభాగంలో మరోరకం చదువు దొరుకుతుంది: మెడికల్ వార్డులో ఒంటి జబ్బు వల్ల ఉన్నట్టుండి మతి తప్పే డెలీరియం, కాన్పు తర్వాత మతి చెదిరిన బాలింత, పురుగుల మందు తాగి బతికిన రైతు. పత్తి సాగు ఎక్కువున్న మన జిల్లాల్లో పనిచేయబోయే నర్సుకు ఈ రెండోది లేకపోతే చదువు సగమే. రెండూ కలిపి ఇచ్చే కాలేజీ దొరికితే ఫీజు కొంచెం ఎక్కువైనా ఆలోచించండి.

ఐసీయూ అనుభవం వృథా అనుకోకండి, అదే మీ పెట్టుబడి. ఉదాహరణకు కల్తీ కల్లు. 2015లో కల్తీ కల్లు సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వచ్చారు. ఆ కల్లులో కలిపేది డయజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. పుస్తకంలో మద్యం విత్‌డ్రాయల్‌కు, అంటే తాగుడు ఆపాక వచ్చే బాధలకు, ఒక కాలపట్టిక ఉంటుంది: చివరిసారి తాగిన 6 గంటల నుంచి వణుకు, 48 గంటల లోపు ఫిట్స్, రెండు మూడు రోజులకు వణుకుతో మతి తప్పే డెలీరియం ట్రెమెన్స్. కల్తీ కల్లు మనిషికి ఈ పట్టిక పట్టదు. డయజిపామ్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది కాబట్టి, మూడు రోజులు బాగున్నాడని డిశ్చార్జి రాసిన మనిషికి ఐదో రోజో వారానికో ఫిట్స్ రావచ్చు. విత్‌డ్రాయల్ తీవ్రతను పది అంశాలతో 67 మార్కులకు కొలిచే సీఐడబ్ల్యూఏ స్కేలు మద్యానికి తయారుచేసింది, దీనికి సరిగా సరిపోదు. అందుకే హిస్టరీలో "తాగుతవా?" అని అడిగి ఊరుకోవద్దు. "కల్లా, సారనా? చెట్టు కల్లా, దుకాణం కల్లా? రోజుకెన్ని సీసాలు? ఆఖరుసారి ఎప్పుడు తాగినవ్?" అని అడగాలి. కల్లు తాగే మనిషి 'తాగుతా' అని ఒప్పుకోడు, అది ఆయన లెక్కలో తాగుడు కాదు. ఇక మద్యం కేసుల్లో గ్లూకోజు బాటిల్ పెట్టే ముందు థయమిన్ (బీ1 విటమిన్) పడిందా అన్నది మీరు ఐసీయూలో రోజూ చూసేదే.

మందుల విషయంలో డాక్టరు కళ్లకంటే ముందు నర్సు కళ్లకు పడాల్సినవి కొన్ని ఉంటాయి. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం మొదలైనట్టే. శాంపిల్ ఆఖరి మాత్ర వేసిన 12 గంటలకు తీయాలి. పొద్దున మాత్ర వేసి ఆ తర్వాత రక్తం తీస్తే వచ్చే నంబరు అబద్ధం. రామగుండం, మంచిర్యాల వైపు ఎండాకాలంలో చెమటకు ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి, దాంతో లిథియం పెరుగుతుంది. ఆ పైన ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేస్తాడు, కిడ్నీ లిథియంను బయటికి పంపడం ఇంకా తగ్గుతుంది. విరేచనాలు, వాంతులు, చేతులు పెద్దగా వణకడం, మాట ముద్దకావడం, నడక తూలడం – ఇవి కనబడితే తర్వాతి డోసు ఆపి డాక్టరుకు చెప్పాలి. ఇంట్లోవాళ్లు మాత్రం "మళ్లీ తాగొచ్చిండు" అంటారు.

భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ పడ్డ కుర్రాడికి మొదటి రెండు మూడు రోజుల్లో మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కనుగుడ్లు పైకి నిలబడిపోవచ్చు. అటెండరు దయ్యం పట్టిందంటాడు, తల్లి నిమ్మకాయ కోసం పోతుంది. అది డిస్టోనియా, మందు వల్ల కండరాలు బిగుసుకోవడం. ప్రొమెథజీన్ ఇంజెక్షన్‌తో కాసేపట్లో తగ్గుతుంది. కానీ ఆ ఒక్కసారి భయంతోనే కుటుంబం మందులు మొత్తం మానేస్తుంది. అందుకని ముందే చెప్పి ఉంచడం నర్సు పని. అదే కోవకు చెందిన క్లోజపిన్ మీద ఉన్నవాళ్లకు మొదటి 18 వారాలు వారంవారం రక్తకణాల లెక్క చూస్తారు. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే పరీక్ష చేయించాలి. మలబద్ధకం గురించి ఎవరూ అడగరు, దాంతో పేగు ఆగిపోయి ప్రాణం పోయిన కేసులున్నాయి, కాబట్టి రోజూ అడగండి.

ఈసీటీ (మెదడుకు కరెంటు చికిత్స) డ్యూటీ ఐసీయూ నర్సుకు నల్లేరు మీద నడక. ఘనాహారం ఆపి 6 గంటలు, కట్టుడు పళ్లు, గాజులు, పిన్నులు తీసేయడం, మూత్రం పోయించడం, సంతకాలు. మన దగ్గర అందరూ మరిచేది తలనూనె. ముందు రాత్రి తలస్నానం చేయించకపోతే ఎలక్ట్రోడు సరిగా అంటదు. కండరాల సడలింపు మందు, మత్తు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఆ చట్టాన్ని పరీక్ష కోసం కాకుండా చదవండి. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు, ఒంటరి గదిలో వేయకూడదు. తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కట్టడి చేయాలి. ఎందుకు, ఎంతసేపు అన్నది రికార్డులో ఉండాలి, నామినేటెడ్ ప్రతినిధికి (రోగి తరఫున నియమితుడైన మనిషికి) 24 గంటల లోపు తెలియజేయాలి. 'రాత్రి గొడవ చేసిండు, చున్నీతో కట్టినం' అని కేస్‌షీట్‌లో లేకుండా గడిచిపోయే రాత్రులు కొన్ని ప్రైవేటు సెంటర్లలో ఉంటాయి. రేపు ఫిర్యాదు వస్తే ముందు అడిగేది డ్యూటీ నర్సునే.

అదే చట్టం నర్సుకు అధికారం కూడా ఇచ్చింది, దీని సంగతి చదివేవాళ్లే తక్కువ. 89వ సెక్షన్ కింద రోగి ఒప్పుకోలేని స్థితిలో ఉన్నప్పుడు చేర్చుకోవాలంటే ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి: ఒకరు సైకియాట్రిస్టు, రెండోవారు మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు. ఆ చేరిక గరిష్ఠంగా 30 రోజులే. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదైన మెంటల్ హెల్త్ నర్సు ఆ రెండో మనిషి కావచ్చు. తనంతట తాను చేరిన రోగి వెళ్లిపోతానంటే, అంచనా కోసం 24 గంటలు ఆపే అధికారం కూడా ఆ నిపుణులకే ఉంది. చట్టం నిర్వచనంలో మామూలు నర్సింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు కూడా మెంటల్ హెల్త్ నర్సులే. కానీ మానసిక స్థితి పరీక్ష చేతకాకుండా ఆ సంతకం పెట్టడం మీకూ రోగికీ ప్రమాదం. పీజీ చదువు అసలు అక్కరకొచ్చేది ఇక్కడే.

ఆ మానసిక స్థితి పరీక్షను ఇంగ్లిషు పుస్తకం నుంచి ఉన్నదున్నట్టు దింపితే తప్పులొస్తాయి. నైరూప్య ఆలోచన, అంటే మాట వెనక భావం పట్టుకునే శక్తి, చూడటానికి దొర్లే రాయికి నాచు పట్టదన్న పరాయి సామెతను తర్జుమా చేసి అడుగుతారు. ములుగు పెద్దమనిషి నోరు తెరిచి చూస్తే 'ఆలోచన మందగించింది' అని రాస్తారు. 'అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు' అడగండి, ఆయనే మీకు రెండు ఉదాహరణలు చెప్తాడు. 100 నుంచి 7 తీసేస్తూ పొమ్మని బడికి పోని మనిషిని అడగొద్దు. వారాలు వెనక్కి చెప్పమనండి, లేదా 50 నోటిచ్చి 18 రూపాయల సరుకు కొంటే చిల్లరెంతో అడగండి. బోనాల్లో శివసత్తుకు పూనకం వస్తే అది జబ్బు కాదు. జాతర అయిపోయాక, ఎవరూ పిలవకుండా, పొలంలో ఒక్కతే ఉన్నప్పుడు కూడా గొంతులు వినబడుతుంటే అప్పుడు వినాలి. 'రంది', 'బుగులు' అన్న మాటలు వచ్చినప్పుడు వాటినే రాయండి, 'యాంగ్జైటీ ఉంది' అని మార్చేసి రాయకండి. రంది అంటే దేని మీద రంది అని తర్వాతి ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఆదిలాబాద్ వైపు పనిచేస్తే గోండీ, లంబాడీ, ఉర్దూ వచ్చిన మనిషిని పక్కన పెట్టుకోవాలి, కానీ రోగి బంధువును దుబాసీగా వాడొద్దు.

ఈ కోర్సులో అందరూ విసుక్కునే పని ప్రాసెస్ రికార్డింగ్, అంటే రోగి మాట, మీ మాట, మీకు కలిగిన భావం, ఆ మాట పనిచేసిందా లేదా అన్నది వరుసగా రాయడం. కాపీ కొట్టి నింపేవాళ్లే ఎక్కువ. ఇది ఎట్లా ఉపయోగపడుతుందో ఒక మచ్చు చూడండి. నలభై ఏళ్ల ఆవిడ, రెండు రోజులుగా తిండి ముట్టడం లేదు.

"నాకేం రోగం లేదు బిడ్డా. మా వదినె మందు పెట్టింది. కడుపుల మంట అందుకే."

"అట్లేం ఉండదక్కా, ఇవి వేసుకో."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆ సంభాషణ అక్కడే చచ్చింది. కాగితం మీద రాసుకుని చూస్తే తప్పు దొరుకుతుంది: నమ్మకాన్ని ఖండించారు, మంటను వినలేదు. రెండో ప్రయత్నం ఇట్లా ఉండొచ్చు.

"మంట ఎప్పటిసంది ఉందక్కా?"

"దసర కాడికెల్లి."

"అప్పటిసంది ఎవరి చేతి కూడు తింటున్నవు?"

"ఎవ్వలది తింటలేను. గీ దవాఖాన అన్నం ఎవరు వండిన్రో ఏమో."

ఇప్పుడు మీకు నర్సింగ్ ప్లాన్ దొరికింది. వదినె సంగతిని ఒప్పుకోలేదు, కాదనలేదు. తొక్క తీయని అరటిపండు, పెంకుతో ఉడికించిన గుడ్డు, ఆమె ముందే సీలు తీసిన బిస్కెట్ ప్యాకెట్, సీలున్న నీళ్ల సీసా. ఆ పూట తింటుంది. తిన్నాకే మాత్ర గురించి మాట. అన్నంలో కలిపి మాత్ర పెట్టమని బంధువులు బతిమాలుతారు. ఆ పని చేసి పట్టుబడితే, మందు పెట్టారన్న ఆమె మాటను మీరే నిజం చేసినవాళ్లవుతారు.

పురుగుల మందు తాగి బతికినవాళ్ల దగ్గర కూడా నేరుగా అడగడం నేర్చుకోవాలి. "మళ్లీ చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు, చాలామందికి ఊపిరి పీల్చుకున్నట్టవుతుంది. గడ్డిమందు తాగిన మనిషి మొదటి రెండు రోజులు మాట్లాడుతూ, బాగున్నట్టే కనబడతాడు. పారాక్వాట్ అయితే ఊపిరితిత్తులు తర్వాత దెబ్బతింటాయి. బాగున్నాడు కదా అని కౌన్సెలింగ్‌ను రేపటికి నెట్టొద్దు. డిశ్చార్జి అయిన తొలి వారాలే మళ్లీ ప్రయత్నించే ప్రమాదం ఎక్కువున్న కాలం. ఇంట్లో మందు డబ్బా ఎక్కడ పెడతారో, తాళం ఎవరి దగ్గరుందో అడిగి రాయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 చీటీ మీద రాసి ఇవ్వండి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే పరిగణించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ చెబుతుంది. కేసు పెడతారని భయపడే కుటుంబానికి ఈ ఒక్క మాట చెబితే సగం నిజాలు అప్పుడే బయటికొస్తాయి.

డిసర్టేషన్ గురించి క్లుప్తంగా. మొదటి ఏడాది 9వ నెల చివరికి ప్రతిపాదన, రెండో ఏడాది 9వ నెల చివరికి పూర్తయిన పుస్తకం ఇవ్వాలి. మధ్యలో ఎథిక్స్ కమిటీ, ఆస్పత్రి అనుమతి సమయాన్ని తినేస్తాయి, కాబట్టి నాలుగో నెలకే అంశం తేల్చుకోండి. 'ఫలానా దానిపై బోధన కార్యక్రమం వల్ల జ్ఞానం పెరిగిందా' అనే రకం థీసిస్‌లు గుట్టలున్నాయి. పాఠం చెప్పాక జ్ఞానం పెరగకుండా ఎట్లా ఉంటుంది? కల్లు విత్‌డ్రాయల్ లక్షణాలు ఏ రోజున వస్తున్నాయి, వారాల తరబడి పనిచేసే డిపో ఇంజెక్షన్‌కు రానివాళ్లు ఎందుకు రావడం లేదు – ఇట్లాంటివి మీ వార్డులోనే ఉన్నాయి. ప్రశ్నావళిని తెలుగు చేశాక ఇంకొకరితో తిరిగి ఇంగ్లిషు చేయించి సరిపోల్చాలి. పరీక్షల్లో పేపరుకు 75, ఇంటర్నల్ 25. థియరీలో 50, ప్రాక్టికల్‌లో 50 శాతం వేర్వేరుగా రావాలి. హాజరు 80 శాతం ఉంటే పరీక్ష రాయనిస్తారు గానీ, ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు పూర్తికాకుండా డిగ్రీ ఇవ్వరు.

ఉద్యోగాల విషయంలో ఆశలు పెంచను. ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకు జీఎన్ఎం, బీఎస్సీ వాళ్లంతా పోటీపడతారు, సైకియాట్రీ చదివినందుకు విడిగా పోస్టు దొరకదు, దొరికినా రేపు సర్జికల్ వార్డులో వేయొచ్చు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకియాట్రిక్ నర్సు, కమ్యూనిటీ నర్సు ఉండాలి. అవి ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో పడతాయి, జిల్లా వైద్యారోగ్య శాఖ నోటిఫికేషన్లు చూస్తుండాలి. ఇవి పోను ప్రైవేటు సైకియాట్రీ ఆస్పత్రులు, డీఅడిక్షన్ కేంద్రాలు, నర్సింగ్ కాలేజీలు. డీఅడిక్షన్ కేంద్రంలో చేరేముందు రాత్రి డ్యూటీలో డాక్టరు ఎవరు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందా, కట్టడి రిజిస్టరు ఉందా అని చూసి చేరండి. మూడింటిలో ఒకటి లేకపోయినా జీతం ఎంతైనా వద్దు.

కోర్సు ఏదైనా పూర్తయ్యాక తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్లో అదనపు అర్హత నమోదు చేయించాలి, తర్వాత రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో. మొదటిది చేసి రెండోది మరిచేవాళ్లే ఎక్కువ. నర్సుల జాతీయ రిజిస్టరు ఎన్ఆర్‌టీఎస్‌లో మీ ఎన్‌యూఐడీ (జాతీయ గుర్తింపు సంఖ్య) వివరాల్లో పేరు, ఇంటిపేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉన్నాయా అన్నది ఇప్పుడే సరిచూసుకోండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారినవాళ్లు కౌన్సెలింగ్ రోజు అఫిడవిట్ కోసం పరుగెత్తుతుంటారు. ఈ వారంలో చేయాల్సిన పని ఇంకొకటి: అనుభవ ధ్రువపత్రం. చేరిన తేదీ, విభాగం, హోదా, మీ రిజిస్ట్రేషన్ నంబరు, ఆస్పత్రి పడకల సంఖ్య, సంతకం చేసినవారి పేరు, ముద్ర అన్నీ ఉండాలి. 'ఏడాదిన్నరగా మా దగ్గర సంతృప్తికరంగా పనిచేస్తున్నారు' అని రాసిచ్చిన కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. రాజీనామా ఇచ్చాక అడిగితే హెచ్ఆర్ వాళ్లు తిప్పుతారు, డ్యూటీలో ఉండగానే తీసుకోండి.